వెయ్యి పాయింట్లు, పది వేల రూపాయలు: అస్థిపంజరాలు కొనాలా, తోడేళ్లా, డ్రాగనా?

మా పుస్తకాల బీరువా పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ముక్కలు ముక్కలుగా ఒక చచ్చిన డ్రాగనూ, దాని మీద స్వారీ చేయాల్సిన రాజూ ఉన్నారు. బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే కింగ్స్ ఆఫ్ వార్ ఆడదామని అనుకున్న వారంలోనే నేను కొన్న మొదటి బొమ్మ అది. చూడగానే మనసు పారేసుకున్నాను. ఏడాదిన్నర దాటింది, రెక్కలు ఇంకా అతికించనే లేదు. అతికించినా అప్పట్లో ఆడే వీలు లేదు. ఆ రాజు బల్లెక్కాలంటే ముందు కింద నడిచే సైన్యం ఉండాలి. దాన్ని కొనడానికి డబ్బు మిగల్లేదు.

ఆట ఏదో, పక్షం ఏదో తేల్చుకుని, ఏ యూనిట్లు (కలిసి కదిలే దళాలు) కొనాలన్న దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు నేను ఆడే పక్షాన్నే తీసుకుంటాను: కింగ్స్ ఆఫ్ వార్‌లో అన్‌డెడ్, అంటే చచ్చి లేచినవాళ్ల సైన్యం. లెక్కలన్నీ 2019లో వచ్చిన మూడో ఎడిషన్‌వి. మీ స్నేహితులు వేరే ఎడిషన్ ఆడుతుంటే ఒకసారి సరిచూసుకోండి. ఒక్కో యూనిట్ పాయింట్లు ఇక్కడ రాయడం లేదు. క్లాష్ ఆఫ్ కింగ్స్ పేరుతో వచ్చే సవరణల్లో అవి మారుతుంటాయి, పైగా మాంటిక్ కంపానియన్ యాప్‌లో నిమిషంలో దొరుకుతాయి.

## ఈ ఆటే ఎందుకు

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉన్న మాంటిక్ గేమ్స్ దీన్ని తయారు చేస్తుంది. అదే ఊళ్లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ 1983 నుంచి నడిపిన పాత వార్‌హామర్ ఫాంటసీని 2015లో ఆపేసి ఏజ్ ఆఫ్ సిగ్మార్ మొదలుపెట్టింది. వరసలు కట్టి నిలబెట్టే పాత సైన్యాలు ఇళ్లలో మిగిలిపోయాయి. వాటిలో చాలా సైన్యాలకు కింగ్స్ ఆఫ్ వార్ ఆసరా ఇచ్చింది, ఎందుకంటే ఇందులో బొమ్మ ఎవరు తయారు చేశారన్నది ఎవరికీ పట్టదు. పరిమాణం సరిపోతే చాలు.

జేబుకు అంతకన్నా పెద్ద మేలు ఇంకోటుంది. ఈ ఆటలో దెబ్బ తగిలినప్పుడు బొమ్మల్ని ఒక్కొక్కటిగా తీసేయరు. యూనిట్ మొత్తం ఒకటే ముక్క. దెబ్బలు లెక్కపెడుతూ పోతారు, ఒక దశలో యూనిట్ మొత్తం పారిపోతుంది. కాబట్టి 40 మంది ఉండాల్సిన హోర్డ్‌ను (కాల్బలంలో పెద్ద దళం; దానిలో సగం రెజిమెంట్, ఇంకా చిన్నది ట్రూపు) 200×80 మిల్లీమీటర్ల ఒకే పలక మీద అతికించేయొచ్చు. సగానికి ఒకటి ఎక్కువ, అంటే 21 బొమ్మలుంటే నిబంధన ఒప్పుకుంటుంది. టోర్నమెంట్లలో ఇంకాస్త నిండుగా ఉండమంటారు, ఆ సంగతి నిర్వాహకుల్ని ముందే అడగండి. ఇంట్లో ఆడేవాళ్లకు 21 చాలు.

## కొనేముందు చూడాల్సినవి

సైన్యం కూర్చే ప్రతివాడి దగ్గరా మూడు సంచులుంటాయి. ఒకదాంట్లో పాయింట్లు, ఒకదాంట్లో రూపాయలు, ఒకదాంట్లో ఆదివారాలు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మొదటి సంచి గురించే. చాలామంది సైన్యాలు ఆగిపోయేది మాత్రం మూడో సంచి ఖాళీ అయ్యి.

పాయింట్లు. ఇద్దరూ సమానంగా దిగడానికి పెట్టుకున్న హద్దు. మొదటిసారికి వెయ్యి సరైన అంకె. రెండు వేలతో మొదలుపెట్టమని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర అప్పటికే నాలుగు వేలున్నాయని అర్థం.

రూపాయలు. పెట్టె మీద ధర చూడొద్దు. ఇంటికి చేరేసరికి ఎంతైందో, దాంతో ఎన్ని పాయింట్లు బల్లెక్కాయో చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే పాయింటుకు ఎన్ని రూపాయలో వస్తుంది. ఈ ఒక్క భాగహారం చేస్తే సగం మోజులు దిగిపోతాయి.

గంటలు. అతకడం, ప్రైమర్ (రంగు పట్టడానికి ముందేసే పూత) కొట్టడం, రంగులేయడం. పదిమందికి ఒకేసారి వేస్తే నా చేతికి అస్థిపంజరానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. తోడేలు మనిషికి గంటన్నర.

బల్ల మీద పని. ఆ యూనిట్ శత్రువును ఆపడానికా, కొట్టడానికా, చుట్టుముట్టడానికా? ఈ ప్రశ్నకు జవాబు లేని యూనిట్ ఎంత అందంగా ఉన్నా తర్వాత చూసుకోవచ్చు.

ఈ చివరిది ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో చెబుతాను. 12 దాడులున్న ఒక మామూలు రెజిమెంట్, తగలడానికి 4+ (పాచికలో 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి), దెబ్బ దిగడానికి 4+ అనుకుందాం. ఎదురుగా పడితే సగటున 3 దెబ్బలు. పక్క నుంచి పడితే దాడులు రెట్టింపు, 6 దెబ్బలు. వెనక నుంచి అయితే మూడింతలు, 9 దెబ్బలు. తర్వాత రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తానికి దెబ్బలు కలుపుతారు. అది ఎదుటి యూనిట్ ధైర్యపు అంకెకు చేరితే ఆ యూనిట్ పోతుంది. ఆ అంకె 15 అనుకోండి. ఎదురుదాడికి పాచికల్లో 12 పడాలి, అంటే 36 సార్లలో ఒక్కసారి. పక్క నుంచైతే 36లో 10 సార్లు. వెనక నుంచైతే 36లో 26 సార్లు. అదే బొమ్మలు, అవే పాయింట్లు. మారింది నిలబడిన చోటు.

అందుకే కేవలం బలమైన యూనిట్లు కొంటే సరిపోదు. శత్రువు ముఖాన్ని ఒకవైపు కట్టిపడేసేవాళ్లు, ఇంకోవైపు తిరిగి వచ్చేవాళ్లు, ఇద్దరూ కావాలి.

ఇంకో నిబంధన. హీరోలు, రాక్షసాలు, యంత్రాలు ఊరికే రావు. కాల్బలంలో ఒక్కో రెజిమెంట్ ఉంటే రెండు చిన్న ట్రూపులు, వాటితోపాటు హీరో, రాక్షసం, యంత్రం ఈ మూడింట్లో ఏదో ఒకటి తీసుకోవచ్చు. హోర్డ్ ఉంటే నాలుగు ట్రూపులు, పైగా ఆ మూడింట్లో ఒక్కొక్కటీ. మన అక్షౌహిణి లెక్క గుర్తుందా? 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఒక్క ఏనుగుకు మూడు గుర్రాలు, ఐదుగురు నడిచేవాళ్లు. నడిచేవాళ్లు లేకుండా ఏనుగును దింపొద్దని అప్పుడే తేల్చేశారు. నేనే చూసుకోలేదు.

## కాల్బలం: అస్థిపంజరాలు, జాంబీలు, ఘౌల్స్

డబ్బులో సగం ఇక్కడే పెట్టాలి.

అస్థిపంజరాలు పెద్దగా కొట్టవు, మెల్లగా నడుస్తాయి. వేగం 5, అంటే దాడికి దూకితే 10 అంగుళాలు. కానీ వీటికి భయం లేదు. మనుషుల యూనిట్ దెబ్బలు తిని తడబడినట్టు, ఒక టర్న్ దిక్కుతోచక నిలబడిపోయినట్టు ఇవి ఆగవు. ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. జాంబీల్ని పక్కనబెడితే, మధ్యలో గోడలా నిలబెట్టడానికి ఇంతకన్నా చవకైనది ఈ పక్షంలో నాకు కనిపించలేదు.

షాంబ్లింగ్ అనే లోపం ఉంది: దాడికి కాకుండా ఊరికే జరిగేటప్పుడు రెట్టింపు వేగంతో పరుగెత్తలేవు. దానికి మందు నెక్రోమాన్సర్ (చచ్చినవాళ్లను నడిపించే మాంత్రికుడు) వేసే సర్జ్ మంత్రం. 8 పాచికలు వేస్తే 4+ పడిన ప్రతిదానికీ ఒక అంగుళం, సగటున 4 అంగుళాలు ముందుకు జరుగుతాయి. ఆ జరగడంలో శత్రువును తాకితే అది దాడి కిందే లెక్క. మామూలుగా నడిచి శత్రువు పక్కకు చేరి ఆగడం, తర్వాత మంత్రంతో పక్కలోకి తోయడం. ఈ పక్షం ఆటంతా దాదాపు ఈ ఒక్క ఎత్తుగడలోనే ఉంది. ఎదుటివాడు మొదటిసారి దీన్ని తిన్నప్పుడు పెట్టే ముఖం చూడ్డానికైనా నెక్రోమాన్సర్‌ను కొనాలి.

డబ్బు లెక్క. మొత్తం 60 అస్థిపంజరాలు కొన్నారనుకోండి. ఒక్కో హోర్డ్‌కు 21 చొప్పున రెండు హోర్డులు, ఇంకో 11తో ఒక రెజిమెంట్, ఇంకా 7 మిగులుతాయి. మిగిలినవాటిని నడుం దగ్గర కోసి, మట్టిలోంచి లేస్తున్నట్టు పలకల మీద అక్కడక్కడా అతికించండి. ఖాళీ కనపడదు.

జాంబీలు ఇంకా చవక, ఇంకా చచ్చు. గుంపుగా పెడితే కరిగించడానికి ఎదుటివాడికి రెండు మూడు టర్నులు పడుతుంది, అదొక్కటే వాటి పని. రంగులేయడం మాత్రం హాయి: తప్పు జరిగినా కుళ్లిన చర్మంలా కనిపిస్తుంది. మొదటిసారి బ్రష్ పట్టేవాళ్లకు ఇవే ఇస్తాను.

ఘౌల్స్ (శవాలు తినేవాళ్లు) షాంబ్లింగ్ కాదు, మామూలుగా పరుగెత్తగలవు. వెనక మూలల్లో ఉన్న లక్ష్యాల్ని పట్టుకోవడానికి ఒక రెజిమెంట్ పనికొస్తుంది. రెండోది కొనకండి.

రెవనెంట్లు కవచాలున్న అస్థిపంజరాలు. గట్టివి, పాయింట్లు ఎక్కువ. మొదటి వెయ్యిలో ఒక అస్థిపంజరాల రెజిమెంట్ బదులు తీసుకోవచ్చు. బొమ్మ మామూలుదే పెట్టి డాళ్లకు వేరే రంగు వేస్తే చాలామంది స్నేహితులు ఒప్పుకుంటారు. అంటే ఖర్చు సున్నా.

## చుట్టుముట్టేవాళ్లు: తోడేలు మనుషులు, గుర్రాలు, రెయిత్‌లు

తోడేలు మనుషుల వేగం 9. దాడికి 18 అంగుళాలు దూకుతాయి. షాంబ్లింగ్ కాదు, మంత్రగాడి సాయం అక్కర్లేదు. హోర్డ్ అంటే 6 బొమ్మలే, సర్దుకుంటే 4. పలక 120×80. పాయింట్లు బరువే, కానీ బొమ్మల సంఖ్య తక్కువ కాబట్టి డబ్బూ సమయమూ కలిసొస్తాయి. అస్థిపంజరాల గోడకు శత్రువు తల బాదుకుంటుంటే పక్క నుంచి వచ్చి పడేది ఇవే. వెయ్యి పాయింట్లలో ఒక హోర్డ్ ఉండాల్సిందేనని నా పట్టుదల.

గుర్రపు దళంలో రెండు రకాలు. రెవనెంట్ గుర్రాలు షాంబ్లింగ్, సోల్ రీవర్లు కావు. సోల్ రీవర్లు ఈ పక్షంలో భయంకరంగా కొట్టేవాళ్లలో ఒకరు, అంత ఖరీదూ. చిక్కేమిటంటే గుర్రాల బలమంతా దూకడంలో ఉంటుంది. ముందు శత్రువే వచ్చి పడి దెబ్బ తీస్తే ఆ బలం ఆ టర్న్‌కు పోతుంది. పొదల్లోంచి దూకితే తగలడానికి వేసే పాచికలో ఒక అంకె తగ్గుతుంది. దూరాలు కంటితో కొలవడం వచ్చేదాకా వీటి జోలికి పోవద్దు. పైగా గుర్రాలకు కాళ్లు నాలుగు, జీను, కళ్లెం, పైన మనిషి. ఒకదానికి రంగేసేసరికి ప్రాణం విసుగెత్తుతుంది.

రెయిత్‌లు ఎగిరే దెయ్యాలు. తెల్లగా ప్రైమర్ కొట్టి, పల్చని ఆకుపచ్చ వాష్ పోసి, అంచుల మీద పొడిబ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్) రాస్తే అయిపోయింది. ఆరు బొమ్మలకు ఒక సాయంత్రం. ఎగురుతాయి కాబట్టి అడ్డున్నవాటి మీద నుంచి వెనక్కి చేరతాయి. షాంబ్లింగ్ కాబట్టి చేరాక మంత్రం కావాలి. తోడేళ్లు దొరక్కపోతే ఇవి. రెండూ ఒకేసారి వెయ్యిలో ఇరికించొద్దు.

## యంత్రాలు, హీరోలు

బేల్‌ఫైర్ కాటపల్ట్ అనే విసురు యంత్రం గురించి ఒక్క మాట: తగిలిన రోజు దేవుడు, తగలని రోజు బరువు. పాచికల మీద కోపం ఉన్నవాళ్లు వద్దనుకోండి.

నెక్రోమాన్సర్ తప్పనిసరి. ఒక్క బొమ్మ, తక్కువ పాయింట్లు, సైన్యం మొత్తం కదలిక అతని చేతిలో ఉంటుంది. ఏ పాత బోర్డ్‌గేమ్ పెట్టెలోనైనా మాంత్రికుడి బొమ్మ ఉంటే నల్లరంగు పూసి వాడేయండి.

ఇక నా పెట్టెలో ఉన్నాయన: ఎగిరే వర్మ్ (ఆ చచ్చిన డ్రాగనే) మీద రెవనెంట్ కింగ్. వెయ్యి పాయింట్ల ఆటలో పెద్ద వాటా ఒక్కడే మింగేస్తాడు. బలవంతుడే, కాదనను. కానీ ఒకేసారి ఒకచోటే ఉండగలడు. ఎదుటివాడు చవకైన ట్రూపు ఒకటి ఎరగా ముందు పెడితే ఆయన దాన్ని తినేసి, తర్వాతి టర్న్‌లో తన పక్క చూపిస్తాడు. రెండు వేల పాయింట్లకు వెళ్లినప్పుడు తీయండి. నేనూ అప్పుడే తీస్తాను, రెక్కలు అతికితే.

## ఒకచోట చూస్తే

| యూనిట్ | బొమ్మలు: నిండుగా / కనీసం | పాయింట్లు | డబ్బు | రంగుల పని | బల్ల మీద పని |
|---|---|---|---|---|---|
| అస్థిపంజరాల హోర్డ్ | 40 / 21 | తక్కువ | తక్కువ | తేలిక, చాలా ఉంటుంది | ఆపడం |
| జాంబీల హోర్డ్ | 40 / 21 | బాగా తక్కువ | తక్కువ | అన్నిటికన్నా తేలిక | ఆలస్యం చేయడం |
| ఘౌల్స్ రెజిమెంట్ | 20 / 11 | తక్కువ | మధ్యస్థం | తేలిక | మూలలు చూసుకోవడం |
| తోడేళ్ల హోర్డ్ | 6 / 4 | ఎక్కువ | మధ్యస్థం | ఓపిక కావాలి | పక్క నుంచి కొట్టడం |
| సోల్ రీవర్ గుర్రాల రెజిమెంట్ | 10 / 6 | బాగా ఎక్కువ | ఎక్కువ | కష్టం | విరగ్గొట్టడం |
| రెయిత్‌లు | యాప్‌లో చూడండి | ఎక్కువ | మధ్యస్థం | ఒక సాయంత్రం | వెనక్కి చేరడం |
| నెక్రోమాన్సర్ | 1 | తక్కువ | దాదాపు ఏమీ లేదు | అరగంట | అందరినీ తోయడం |
| వర్మ్ మీద రాజు | 1 | విపరీతం | ఎక్కువ | నన్నడగొద్దు | అన్నీ, ఒకచోటే |

## ఎవరికి ఏది

హాస్టల్లో, అద్దెగదిలో ఉండేవాళ్లకు. డబ్బూ లేదు, పెట్టుకునే చోటూ లేదు. జాంబీల హోర్డ్ ఒకటి, అస్థిపంజరాల హోర్డ్ రెండు, నెక్రోమాన్సర్లు ఇద్దరు. చెప్పుల పెట్టెలో పట్టేస్తాయి. బలహీనత: కొట్టేవాడు లేడు. గెలుపు స్థలాలు పట్టుకునే ఆటల్లో బాగుంటుంది, నరుక్కునే ఆటల్లో విసుగు.

ఉద్యోగం, పిల్లలు, ఆదివారం మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లకు. మీకు కరువైంది రూపాయి కాదు, గంట. ఒక హోర్డ్ అస్థిపంజరాలు, ఒక హోర్డ్ తోడేళ్లు, ఒక యూనిట్ రెయిత్‌లు, నెక్రోమాన్సర్. కనీస సంఖ్యల్లో పెడితే రెయిత్‌లు కాక 21+4+1, అంటే 26 బొమ్మలు. మూడు నెలల ఆదివారాల్లో బల్లెక్కుతుంది. తోడేళ్లూ రెయిత్‌లూ రెండూ వద్దని పైన నేనే చెప్పాను, నిజమే. పాయింట్ల లెక్కలో అది మంచి సైన్యం కాదు, సన్నగా ఉంటుంది. కానీ పూర్తయిన సన్న సైన్యం ముందు పెట్టెలో ఉన్న మంచి సైన్యం నిలవదు.

రంగులే అసలు సంగతి అయినవాళ్లకు. మీరు నా మాట వినరు, ఆ డ్రాగన్ కొంటారు. కొనండి. దాంతోపాటు ఒక్క హోర్డ్ అయినా కొంటే దాన్ని ఆడించనూవచ్చు.

గెలవాలనుకునేవాళ్లకు. రెండు హోర్డుల అస్థిపంజరాలు గోడ, ఒక హోర్డ్ తోడేళ్లు సుత్తి, ఇద్దరు నెక్రోమాన్సర్లు. పాయింట్లు మిగిలితే ఘౌల్స్ రెజిమెంట్. ఇందులో రంగుల పని ఎక్కువ, ఒకే రకం ఎముకలు 42 సార్లు వేయాలి. పాటలు పెట్టుకోండి.

## బొమ్మలు ఎక్కడివి

విదేశం నుంచి నేరుగా తెప్పించుకుంటే సుంకం దెబ్బ ఉంటుంది. మన దేశంలో దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇప్పుడు ఎంతుందో, మీ పార్సిల్‌ను ఏ పద్దు కింద లెక్కగడతారో ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి. నేను మాత్రం పది వేలు పెట్టుకుంటే అందులో నాలుగు వేలే బొమ్మల ధర అనుకుని, మిగతాది దారి ఖర్చుకూ, సుంకానికీ, రంగులకూ వదిలేస్తాను. ఆ లెక్కన పది వేలల్లో పూర్తి సైన్యం రాదు, మొదటి పెట్టె వస్తుంది.

రెసిన్ ప్రింటర్ ఉన్న స్నేహితుడుంటే తోడేళ్లు, రెయిత్‌ల లాంటి తక్కువ బొమ్మల యూనిట్లు అక్కడ చేయించుకోవడం లాభం. కాల్బలాన్ని మాత్రం ప్లాస్టిక్ పెట్టెల్లో కొనండి. అరవై బొమ్మలు ప్రింట్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆధారపు పుల్లలు విరిచే పని ఎవరికిచ్చినా స్నేహం చెడుతుంది. మీరే చేస్తే నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, వంటింట్లో చేయకండి.

పలకలకు ఏమీ దిగుమతి అక్కర్లేదు. స్టేషనరీ కొట్లో దొరికే సన్‌బోర్డ్ 200×80కి కోసి, పైన ఫెవికాల్ పూసి జల్లించిన ఇసుక చల్లండి. ఆరాక ముదురు గోధుమరంగు, దాని మీద లేత రంగు పొడిబ్రష్. కొబ్బరి పీచు గుప్పెడు తీసి అర అంగుళం ముక్కలు కోసి నిలబెడితే ఎండుగడ్డి. ఎండిన తులసి కొమ్మ ఈ పరిమాణంలో అచ్చం మోడువారిన చెట్టు. ఒక్క జాగ్రత్త: సన్‌బోర్డ్ మీద సీదా స్ప్రే ప్రైమర్ కొడితే కోసిన అంచుల్లో నురుగు కరిగిపోవచ్చు. అంచులకు ముందు ఫెవికాల్ పూత వేయండి.

ఆ సన్‌బోర్డ్ కోసిన రోజే ఇంకో పని చేయండి. బొమ్మలు ఆర్డర్ పెట్టకుండా, అన్ని యూనిట్ల కొలతలకూ ఖాళీ ముక్కలు కోసి, మీద స్కెచ్ పెన్‌తో పేర్లు రాసి మూడు ఆటలు ఆడండి. మూడో ఆటకల్లా ఏది మాటిమాటికీ చేతికొస్తోందో, ఏది మూలన ఊరికే నిలబడుతోందో తెలిసిపోతుంది. మా ఇంట్లో ‘సోల్ రీవర్లు’ అని రాసిన ముక్క ఒకటుంది. మూడు ఆటల్లోనూ పొదల్లో ఇరుక్కుంది. దాని మీద ఇప్పుడు టీ గ్లాసు పెట్టుకుంటున్నాను.